పెద్దపేగు క్యాన్సర్: కేసులు ఒకచోట, చావులు ఇంకోచోట. ఈ మ్యాపుకి అర్థం ఏమిటి?

పటాల_పిచ్చి
ప్రపంచ పటం రెండు కిటికీల్లో పక్కపక్కన తెరిచి కూర్చున్నా, బుర్ర వేడెక్కిపోతోంది. ఎడమవైపు పెద్దపేగు, మలాశయ క్యాన్సర్ కొత్త కేసులు. కుడివైపు అదే జబ్బుతో పోయినవాళ్లు. రెండూ 2022 గ్లోబోకాన్ (దేశాలవారీ క్యాన్సర్ అంచనాల పట్టిక) లెక్కలే, రెండూ లక్ష జనాభాకి ఎంత అనేవే. కేసుల పటంలో డెన్మార్క్, నార్వే, నెదర్లాండ్స్ ముదురు రంగులో ఉన్నాయి. చావుల పటానికొస్తే వాటి రంగు కాస్త దిగి హంగరీ, స్లొవేకియా, క్రొయేషియా ముందుకొచ్చేశాయి. హంగరీ పాపం రెండింట్లోనూ ఉంది. పశ్చిమ ఆఫ్రికా, దక్షిణాసియా రెండింట్లోనూ లేత రంగే.

అమెరికాని కౌంటీలవారీగా (మన జిల్లాల్లాంటివి) చూస్తే ఇంకో తికమక. ఒకే దేశం, అవే మందులు. అయినా మిసిసిపీ నది దిగువన, అపలాచియా కొండల్లో చావులు గుట్టపడి ఉన్నాయి. యూటా రాష్ట్రం లాంటి చోట బాగా తక్కువ. ఏడాదికి ప్రపంచమంతా కలిపి 19 లక్షల పైచిలుకు మందికి వచ్చి, 9 లక్షల మందిని తీసుకుపోతున్న జబ్బు ఇది. ఒకచోట వదిలేస్తోంది, ఒకచోట వదలట్లేదు. తిండా, జన్యువులా, డాక్టర్లా? తెలిసినవాళ్లు చెప్పండి.

రెండో_మాట
తిండే. మాంసం, మందు, పొగ, కదలకుండా కూర్చోడం. ఇంకో మాట లేదు. థ్రెడ్ మూసెయ్యొచ్చు.

ఊరకే_అడిగా
పేరేమో రెండో_మాట, చెప్పేదేమో ఇంకో మాట లేదని.

గణాంకాల_గోపి
అంత తొందరగా మూసేస్తే ఎలాగండీ. ఒక ప్రాంతంలో చావుల రేటు రెండు ప్రశ్నల మీద ఆధారపడుతుంది. ఎంతమందికి వస్తోంది? వచ్చినవాళ్లలో ఎంతమంది పోతున్నారు? రెండో_మాట చెప్పినవన్నీ మొదటిదానికి జవాబులు. రెండోదానికి అవి చాలవు. నార్వేలో చాలామందికి వస్తోంది, వాళ్లలో ఎక్కువమంది బయటపడుతున్నారు. సహారాకి దిగువ ఆఫ్రికాలో తక్కువమందికే వస్తోంది, కానీ వచ్చినవాళ్లలో పెద్ద వాటా దక్కట్లేదు. కాబట్టి ఆ లేత రంగు చూసి హమ్మయ్య అనుకోడానికి లేదు. హంగరీకి రెండు జవాబులూ చెడ్డవే. అందుకే అంత నలుపు.

నిద్రలేని_నర్సు
ఆ రెండో ప్రశ్నకి నా జవాబు ఒక్కటే, స్టేజీ. అమెరికా లెక్కల్లో జబ్బు పేగు దాటకముందే దొరికితే ఐదేళ్ల సర్వైవల్, అంటే ఐదేళ్ల తర్వాతా బతికుండేవాళ్ల వాటా, 90 శాతం. చుట్టుపక్కల లింఫ్ గ్రంథులకి పాకితే 70 చిల్లర. కాలేయానికో ఊపిరితిత్తులకో చేరాక దొరికితే 15 దగ్గర ఆగిపోతుంది. ఏ ప్రాంతంలో ఎంతమంది ఏ స్టేజీలో ఆసుపత్రి మెట్లెక్కుతున్నారో చెప్పండి, ఆ ప్రాంతం రంగు నేను మ్యాపు చూడకుండా చెప్తా.

పైగా ఇంత గడువిచ్చే క్యాన్సర్లు తక్కువే. చిన్న పాలిప్‌గా (పేగు లోపలి పొర మీద మొలిచే కండ) మొదలై క్యాన్సర్ అవడానికి మామూలుగా పదేళ్లు, కొన్నిసార్లు ఇంకా ఎక్కువే పడుతుంది. నేను ఎండోస్కోపీ గదిలో, అంటే పేగులోకి కెమెరా గొట్టం పంపి చూసే చోట పనిచేస్తా. సన్నటి తీగ ఉచ్చు పాలిప్ మెడకి వేసి, బిగించి, కరెంటు ఇస్తే తెగి పడుతుంది. పేగు లోపలి పొరకి కోత నొప్పి తెలియదు, అందుకే మత్తు తక్కువగా ఇచ్చినవాళ్లు కూడా స్క్రీన్ మీద చూస్తూ "అయిపోయిందా?" అంటారు. ఆ ముక్క సీసాలో పడిందంటే, పదేళ్ల తర్వాత ఎడమ పటంలోకీ కుడి పటంలోకీ ఎక్కాల్సిన చుక్క ఒకటి తగ్గినట్టు.

ఊరకే_అడిగా
ఆ గది సంగతి సరే అక్కా, ముందురోజు రాత్రి తాగించే ఆ ద్రావకం సంగతి చెప్పవేం? నాకు ఆ రాత్రి బాత్రూమే బెడ్రూమ్.

నిద్రలేని_నర్సు
అది తాగకుండా వచ్చేవాళ్ల వల్లే నాకు నిద్ర ఉండదు. పేగు శుభ్రంగా లేకపోతే పాలిప్ కనబడదు, మళ్లీ మొదటినుంచీ.

రెండో_మాట
లక్షణాలు లేకముందే ఇలా వెతికి పట్టుకునే స్క్రీనింగ్ గొప్పతనం ఒప్పుకుంటా. అయినా నా మాట నాదే. జపాన్‌లో 1950ల్లో ఇది అరుదైన జబ్బు. అక్కణ్ణించి హవాయి వెళ్లి స్థిరపడ్డవాళ్లలో మాత్రం ఒక తరం తిరిగేసరికి అమెరికన్ల రేటుకి చేరిపోయింది. జన్యువులు అవే, మారింది బతుకుతీరు. తర్వాత జపాన్‌లోనే బతుకుతీరు మారింది, అక్కడా రేటు ఎగబాకింది.

ఇంకోటి. 2015లో ఒక ప్రయోగం చేశారు. పిట్స్‌బర్గ్‌లోని 20 మంది ఆఫ్రికన్ అమెరికన్లకి దక్షిణాఫ్రికా పల్లెల తిండి, అక్కడి 20 మందికి అమెరికా తిండి పెట్టారు. పీచు అటు, కొవ్వు ఇటు. రెండు వారాలు తిరిగేసరికి పేగు లోపలి పొరలో కణాలు పెరిగే వేగం, పేగులో బ్యాక్టీరియా చేసే పని రెండూ అటూ ఇటూ తారుమారయ్యాయి. రెండు వారాలకే! ఇక మీ స్టేజీలు, సీసాలు తర్వాత చూద్దాం.

చదువరి
రెండో_మాట, మంచి ఉదాహరణలే ఇచ్చావు, కానీ అవన్నీ గోపి గారి మొదటి ప్రశ్నకే. పటాల_పిచ్చి అడిగిన మిసిసిపీ దిగువ సంగతి చూడు. 2015లో అమెరికన్ క్యాన్సర్ సొసైటీ వాళ్లు కౌంటీలవారీగా చావుల లెక్కలు తవ్వి మూడు గుట్టలు తేల్చారు. మిసిసిపీ దిగువ డెల్టా, పశ్చిమ మధ్య అపలాచియా, తూర్పు వర్జీనియా–నార్త్ కరోలైనా. 2009–2011 నాటికి డెల్టాలో చావుల రేటు మిగతా దేశం కంటే 40 శాతం ఎక్కువ, అపలాచియాలో 18, మూడోచోట 9.

అసలు సంగతి ఇక్కడుంది. అదే డెల్టాలో 1970–72లో చావుల రేటు మిగతా దేశం కంటే 18 శాతం తక్కువ! ఒకప్పుడు అమెరికా ఈశాన్య రాష్ట్రాల డబ్బున్నవాళ్ల జబ్బు ఇది. నలభై ఏళ్లలో పటం బోర్లాపడింది. జన్యువులు నలభై ఏళ్లలో మారవు కదా.

రెండో_మాట
తిండి మారుతుంది కదా! నలభై ఏళ్లలో డెల్టాలో బరువులు, సిగరెట్లు, కూల్‌డ్రింకులు ఎంత పెరిగాయో చూశావా? నా వాదనకి నువ్వే సాక్ష్యం తెచ్చావు, థాంక్స్.

చదువరి
సగం సాక్ష్యం. ఆ 2015 అధ్యయనంలోనే ఉంది, డెల్టాలో నల్లజాతి మగవాళ్ల చావుల రేటు 1970 నుంచి 1990 దాకా ఏటా 3.5 శాతం చొప్పున పెరిగింది. అక్కడిదాకా నీ తిండి, సిగరెట్టు ఒప్పుకుంటా. 1990 తర్వాత ఏమైంది? పెరగలేదు, తగ్గలేదు, నిలబడిపోయింది. అదే కాలంలో మిగతా అమెరికాలో రేటు జారిపోతోంది. దేశం మొత్తం మీద 1970లో లక్షకి 29.2 ఉన్నది 2020కి 12.6 అయింది. మిగతావాళ్లు మెట్లు దిగుతుంటే వీళ్లు ఉన్నచోటే ఉండిపోయారు. ఆ తేడా తిండిది కాదు. కొలనోస్కోపీ (పెద్దపేగుని కెమెరాతో చూసే పరీక్ష), మంచి సర్జరీ, కీమో ఎవరికి అందాయి, ఎవరికి అందలేదు అన్నదే.

అంకెలమ్మ
ఒక్క నిమిషం. 12.6 అంటున్నారు. నేను చూసిన అంతర్జాతీయ పట్టికలో అమెరికా చావుల రేటు 8 దగ్గర ఉంది. ఏది నిజం?

గణాంకాల_గోపి
రెండూ నిజమే. ముసలివాళ్లు ఎక్కువున్న చోట ఈ చావులు సహజంగానే ఎక్కువుంటాయి కాబట్టి, ఒక ప్రామాణిక జనాభాని అనుకుని ఆ తూకంతో రేటు సర్దుతారు. 12.6కి వాడింది అమెరికా 2000 నాటి జనాభా. గ్లోబోకాన్ వాడేది ప్రపంచ ప్రామాణిక జనాభా. 1960లో సెగి అనే జపాన్ శాస్త్రవేత్త కట్టింది, తర్వాత డాల్ బృందం సవరించింది. అందులో కుర్రవాళ్లు ఎక్కువ, ముసలివాళ్లు తక్కువ. అందుకే ఏ దేశం రేటైనా ఆ తూకంలో చిన్నగా వస్తుంది. యూరప్ వాళ్లకి 2013 నుంచి ఇంకో తూకం ఉంది, అందులో ముసలివాళ్లు బాగా ఎక్కువ, అంకె పెద్దగా వస్తుంది.

ఒకరి అంకె ఒక తూకంలో, ఇంకొకరిది ఇంకో తూకంలో పెట్టి "మా దేశం మెరుగు" అని కొట్టుకునే వీడియోలు చూస్తే నాకు బీపీ.

అంకెలమ్మ
మరి ఆ లేత రంగు దేశాల సంగతి? తూకం సరిచేసినా తక్కువే వస్తోందంటే నిజంగా తక్కువేనా?

గణాంకాల_గోపి
వయసు తేడాని తూకం సరిదిద్దుతుంది. రాసిపెట్టని కేసుని ఏ తూకమూ తేలేదు. బయాప్సీ జరగాలి, రిపోర్టు రావాలి, దాన్ని క్యాన్సర్ కేసులు నమోదు చేసే రిజిస్ట్రీ ఒకటి ఎక్కించుకోవాలి. చాలా దేశాల్లో రిజిస్ట్రీలు జనాభాలో చిన్న ముక్కనే చూస్తాయి, మిగతాది పక్క ప్రాంతాన్నో పక్క దేశాన్నో బట్టి అంచనా కడతారు. చావుకి కారణం డాక్టర్ రాయని చోట కుడి పటం కూడా అంచనాయే. అయినా పశ్చిమ ఆఫ్రికాకీ డెన్మార్క్‌కీ మధ్య కనిపించేంత తేడా ఒట్టి రాతకోతల లోపం వల్ల రాదు. కొంత నిజంగానే తక్కువ.

పేగుబంధం
నేను ఆ పటంలో ఒక చుక్కని. ఈ పేరు నాకు ఆపరేషన్ తర్వాతే తట్టింది, నవ్వుకోవచ్చు.

వయసు నలభై కూడా నిండలేదు. విరేచనంలో రక్తం పడితే మొలలు అన్నారు. ఆయింట్‌మెంట్ రాసుకున్నా, తగ్గినట్టే ఉండేది, మళ్లీ వచ్చేది. "ఈ వయసులో క్యాన్సర్ ఏమిటి" అన్న మాట నేను విన్నాను, నేనూ అన్నాను, ఇంట్లోవాళ్లూ అన్నారు. వేలు పెట్టి చూసిన మొదటి డాక్టర్ ముఖం మారింది. మలాశయంలో బాగా కిందికి ఉంది, స్టేజీ మూడు. రేడియేషన్, కీమో, ఆపరేషన్, మలం పోవడానికి పొట్ట మీద బ్యాగు. ఆక్సాలిప్లాటిన్ అనే కీమో మందు ఎక్కించిన వారం ఫ్రిజ్ తలుపు పట్టుకుంటే వేళ్లలో సూదులు దిగినట్టుండేది. చల్లటి నీళ్లు గొంతు దిగేవి కావు. ఇప్పుడు బాగానే ఉన్నా.

నేను అడిగేది ఒక్కటే. మీరు మాట్లాడే పటాలన్నీ అన్ని వయసులూ కలిపినవి. యాభైలోపు వాళ్ల పటం విడిగా వేస్తే ఎలా ఉంటుంది?

నిద్రలేని_నర్సు
పేగుబంధం, బాగున్నావని విని సంతోషం. ఇది చదివేవాళ్లందరికీ ఒక మాట: మొలలు ఉన్నవాళ్లకి క్యాన్సర్ రాకూడదని రూలేమీ లేదు. రెండూ ఒకేసారి ఉన్నవాళ్లని నేను చాలామందిని చూశా. రక్తం ఆగకపోతే, మలం తీరు మారితే, కారణం తెలియకుండా రక్తహీనత వస్తే చూపించుకోండి, వయసు చూసుకుని ఊరుకోకండి.

చదువరి
యాభైలోపు పటం ఉంది, అదీ బాధగానే ఉంది. అమెరికాలో పెద్దవాళ్లలో చావులు తగ్గుతుంటే యాభైలోపు వాళ్లలో 2000ల మధ్య నుంచి ఏటా ఒక శాతం దాకా పెరుగుతున్నాయి. 1990ల చివర్లో ఈ వయసువాళ్ల క్యాన్సర్ చావుల్లో దీనిది నాలుగో స్థానం. 2024లో వచ్చిన లెక్కల్లో మగవాళ్లలో మొదటి స్థానం, ఆడవాళ్లలో రెండోది. 1950 ప్రాంతంలో పుట్టినవాళ్లతో పోలిస్తే 1990 ప్రాంతంలో పుట్టినవాళ్లకి అదే వయసులో పెద్దపేగు క్యాన్సర్ ముప్పు రెట్టింపు, మలాశయానిది నాలుగింతలు.

ప్రాంతం సంగతి కూడా తేల్చారు. 15 నుంచి 49 ఏళ్ల మగవాళ్ల చావుల్ని కౌంటీలవారీగా చూస్తే 232 కౌంటీలు ఎర్రగా తేలాయి. అందులో పదింట తొమ్మిది దక్షిణాదివే. నటుడు చాడ్విక్ బోస్‌మన్ 43 ఏళ్లకి పెద్దపేగు క్యాన్సర్‌తో పోయింది 2020లో. ఆయన పుట్టింది సౌత్ కరోలైనాలో. ఒక్కడి వల్ల ఏదీ రుజువు కాదులే, కానీ ఆ వార్త తర్వాతే చాలామందికి ఇది ముసలివాళ్ల జబ్బు కాదని తెలిసింది.

సూక్ష్మదర్శిని
ఒక్క అమెరికా గొడవే కాదు ఇది. 2024 చివర్లో 50 దేశాలు, ప్రాంతాల లెక్కలు చూస్తే 27 చోట్ల యాభైలోపు వాళ్లలో కేసులు పెరుగుతున్నాయి. వాటిల్లో సగం చోట్ల పెద్దవాళ్లలో నిలకడగానో తగ్గుతూనో ఉంటే, పెరుగుతున్నది కుర్రవాళ్లలోనే.

2025లో ఇంకో సంగతి బయటపడింది. 11 దేశాల నుంచి 981 కణుతుల జన్యుక్రమం చదివారు. ఒకరకం ఇ.కోలై బ్యాక్టీరియా వదిలే కొలిబాక్టిన్ అనే విషం డీఎన్‌ఏ మీద వేసే ముద్ర ఉంది కదా, అది నలభైలోపు రోగుల్లో డెబ్బై దాటినవాళ్లతో పోలిస్తే 3.3 రెట్లు ఎక్కువ కనిపించింది. ఆ ముద్ర చిన్నతనంలోనే పడి ఉండొచ్చని వాళ్ల ఊహ. దేశాన్నిబట్టి ముద్రలు మారుతున్నాయి కూడా. అంటే మన రెండో_మాట తిండి పట్టిక కంటే ముందే, పిల్లలప్పుడు పేగులో ఎవరు కాపురం పెట్టారు అన్నది కూడా పటం రంగుని మార్చవచ్చు.

రెండో_మాట
బ్యాక్టీరియా ఎవరి మీద బతుకుతుంది? తిండి మీద. మళ్లీ నా దగ్గరికే వచ్చారు.

వేదిక_పెద్ద
కొలిబాక్టిన్ మీద విడిగా థ్రెడ్ తెరిచాను, బ్యాక్టీరియా చర్చ అక్కడికి తరలించండి. ఇక్కడ ప్రాంతాల తేడాలు మాత్రమే. సొంత లక్షణాలకి ఇక్కడ వైద్యం అడగొద్దు, డాక్టర్ని కలవండి.

కొండగాలి
నార్వే, డెన్మార్క్‌లలో కేసులు ఎక్కువ కనబడటానికి స్క్రీనింగే కారణం కదా? వెతికితే దొరుకుతాయి. అందరికీ పరీక్షలు చేస్తే కేసులు పెరుగుతాయి, చావులు తగ్గుతాయి. పటం అంతా దాంతోనే తేలిపోతుంది.

గణాంకాల_గోపి
నెదర్లాండ్స్‌కి ఆ మాట చాలావరకు సరిపోతుంది. 2014లో 55 నుంచి 75 ఏళ్లవాళ్లకి ఇంటికే మలపరీక్ష కిట్లు పంపడం మొదలెట్టారు. వెంటనే కేసులు ఒక్కసారి ఎగిశాయి, తర్వాత కిందికి దిగుతూ వచ్చాయి. డెన్మార్క్ కూడా 2014లోనే మొదలెట్టింది.

నార్వేకి మాత్రం సరిపోదు. అక్కడ దేశవ్యాప్త స్క్రీనింగ్ మొదలైందే 2022లో. అంతకు దశాబ్దాల ముందునుంచీ వాళ్ల రేటు ప్రపంచంలో పైవరసలో ఉంది, ముఖ్యంగా ఆడవాళ్లది. వెతకడం వల్ల దొరికినవి కావు, నిజంగా ఉన్నవే.

కొండగాలి
మరి స్క్రీనింగ్ లేకుండా అంతమందిని ఎలా బతికించుకున్నారు?

సూక్ష్మదర్శిని
కత్తితో. ఇది ఎవరూ మాట్లాడరు. మలాశయ క్యాన్సర్‌లో కణితి తీసేశాక అదేచోట మళ్లీ మొలవడం పెద్ద శాపం. 1980ల్లో ఇంగ్లండ్ సర్జన్ బిల్ హీల్డ్ ఒక పద్ధతి చూపించాడు. మలాశయం చుట్టూ ఉండే కొవ్వు తొడుగు చిరగకుండా, కణితితో సహా మొత్తం ఒకే మూటగా తియ్యాలి. తొడుగు చిరిగితే కణాలు అక్కడే మిగిలిపోతాయి. నార్వే 1993లో దీన్ని జాతీయ కార్యక్రమంగా పెట్టుకుంది. సర్జన్లకి శిక్షణ ఇచ్చారు, ఆపరేషన్ చేసే ఆసుపత్రుల సంఖ్య తగ్గించారు, ప్రతి ఆసుపత్రి ఫలితం రిజిస్ట్రీలో ఎక్కించారు. జబ్బు తిరగబెట్టడం బాగా తగ్గిపోయింది. కొత్త మందేమీ లేదు, అదే జబ్బు, చేతులు మారాయి అంతే.

నేను పాథాలజీలో ఉన్నా. ఆపరేషన్ నుంచి వచ్చిన ముక్క ట్రేలో పెట్టి చూస్తే ఆ తొడుగు నున్నగా మెరుస్తూ ఉందా, గాట్లు పడి కండరం బయటికి కనబడుతోందా అన్నది కంటికే తెలుస్తుంది. రిపోర్టులో మూడు గ్రేడుల్లో ఏదో ఒకటి రాస్తాం.

పేగుబంధం
నా రిపోర్టు వెతికి చూసుకున్నా ఇప్పుడే. "తొడుగు సంపూర్ణం" అని ఉంది. ఇన్నాళ్లూ ఆ లైను ఎందుకుందో తెలీదు. మా సర్జన్‌కి ఇవాళ మెసేజ్ పెడతా.

ఊరకే_అడిగా
ఈ థ్రెడ్‌లో మొదటి శుభవార్త.

అంకెలమ్మ
డెన్మార్క్ మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా. పక్కనున్న నార్వే, స్వీడన్ లాంటి నార్డిక్ దేశాలతో పోలిస్తే డెన్మార్క్ క్యాన్సర్ సర్వైవల్‌లో వెనకబడి ఉండేది. 2007–2008ల్లో అనుమానం వచ్చిన రోగికి ఏ పరీక్ష ఎన్ని రోజుల్లో జరగాలో గడువులు పెట్టి క్యాన్సర్ ప్యాకేజీలు తెచ్చారు. తర్వాత ఆ దూరం చాలా తగ్గింది. అంటే స్క్రీనింగ్, సర్జరీలతో పాటు ఆఫీసు పని కూడా పటాన్ని మారుస్తుంది.

రెండో_మాట
స్క్రీనింగ్ భక్తులకి ఒక చేదు గుళిక. 2022లో నార్డిక్ ట్రయల్ ఫలితాలొచ్చాయి. పోలండ్, నార్వే, స్వీడన్‌లలో కొందరికి కొలనోస్కోపీకి రమ్మని ఉత్తరం పంపారు, కొందరికి పంపలేదు. పదేళ్ల తర్వాత కేసులు తగ్గింది 18 శాతమే. చావుల్లో తేడా గట్టిగా చెప్పుకునేంత లేదు. ఇదేనా మీ అద్భుతం?

నిద్రలేని_నర్సు
ఉత్తరం అందుకున్నవాళ్లలో నిజంగా వచ్చి చేయించుకుంది 42 శాతమే, అది ఎందుకు మింగేశావు? రానివాళ్లని కూడా కలిపి లెక్కకడితే వచ్చిన అంకె అది. ఉత్తరం జబ్బు నయం చెయ్యదు బాబూ.

చదువరి
రెండో_మాట అడిగింది పూర్తిగా కొట్టిపారేసేది కాదు. పదేళ్లు ఈ జబ్బులో తక్కువ కాలం, చావుల తేడా ఇంకా పూర్తిగా బయటపడదు. కానీ ఆ ట్రయల్ నుంచి ప్రాంతాల తేడా గురించి నేర్చుకోవాల్సింది ఒకటుంది. పరీక్ష ఉండటం వేరు, జనం చేయించుకోవడం వేరు.

డెలావేర్ రాష్ట్రం ఆ రెండో పని చేసింది. 2000ల మొదట్లో ఇన్సూరెన్స్ లేనివాళ్లకి కొలనోస్కోపీ ఖర్చు రాష్ట్రమే పెట్టుకుంది. క్యాన్సర్ తేలితే చికిత్స ఖర్చు కూడా రెండేళ్లపాటు భరించింది. ప్రతి ఆసుపత్రిలో నర్సులు ఫోన్లు చేసి, తేదీ ఇప్పించి, వెంటపడి తీసుకొచ్చారు. నల్లజాతి వాళ్లలో స్క్రీనింగ్ 48 శాతం నుంచి 2009కి 74 శాతం అయింది, తెల్లవాళ్లతో సమానంగా. వాళ్ల చావుల రేటు 42 శాతం పడిపోయి తెల్లవాళ్ల రేటుకి దాదాపు తాకింది. దేశం మొత్తంలో నల్లజాతి వాళ్ల చావులు తెల్లవాళ్ల కంటే 40 శాతం దాకా ఎక్కువున్న రోజుల్లో ఇది. అక్కడి జనం తిండి మార్చుకున్నారని ఎవరూ రాయలేదు.

దాదాపు సగం అపలాచియా కొండల్లోనే ఉన్న కెంటకీ రాష్ట్రంలోనూ ఇలాంటిదే. 1999లో మూడింట ఒక వంతు మందే చేయించుకునేవాళ్లు, 2008కి మూడింట రెండు వంతులకి దగ్గరపడ్డారు. కేసులూ చావులూ రెండూ తగ్గాయి.

రెండో_మాట
డెలావేర్ సంగతి నాకు నచ్చింది. రెండో ప్రశ్న మీకు వదిలేస్తున్నా. మొదటిది నాదే.

కొండగాలి
అలాస్కా ఎందుకు ఎవరూ ఎత్తలేదు? అలాస్కా మూలవాసుల్లో కేసుల రేటు లక్షకి 88 పైన ఉందని చూశా. అమెరికా తెల్లవాళ్లకి 36 దగ్గర. ప్రపంచంలోనే అంత ఎక్కువ ఇంకెక్కడా లేదంటున్నారు.

నిద్రలేని_నర్సు
అలాస్కా కథ వింటే స్క్రీనింగ్ ఎంత తేలికో అనేవాళ్ల నోరు మూతపడుతుంది. రోడ్డు లేని పల్లెలు, కొలనోస్కోపీ కావాలంటే చిన్న విమానం ఎక్కాలి. పోనీ మలంలో రక్తం చూసే పాత పరీక్ష ఇంటి దగ్గరే చేద్దామంటే, అక్కడ హెచ్.పైలోరీ అనే బ్యాక్టీరియా వల్ల కడుపులో పుండ్లు, రక్తం కారడం చాలా ఎక్కువ. దాంతో పరీక్ష ఊరికే పాజిటివ్ చూపిస్తుంది. మాయో క్లినిక్ డాక్టర్ డేవిడ్ ఆల్‌క్విస్ట్ అలాస్కా వెళ్లి ఇది చూశాకే, రక్తం కాకుండా మలంలో డీఎన్‌ఏ వెతికే పరీక్ష వైపు గట్టిగా మళ్లాడు. మిగతా అమెరికాలో స్క్రీనింగ్ 45 ఏళ్లకి మొదలెట్టమంటారు. క్యాన్సర్ సొసైటీ 2018లో చెప్పింది, ప్రభుత్వ నిపుణుల బృందం 2021లో చెప్పింది. అలాస్కా మూలవాసులకి 40కే.

ఊరకే_అడిగా
ఆ ఇంటి కిట్ ఎలా ఉంటుంది? అంటే... ఎలా తీస్తారు?

నిద్రలేని_నర్సు
సిగ్గుపడకు. ఫిట్ అంటారు. మూతకి అతికిన చిన్న పుల్ల ఉంటుంది, దాని కొసన గాడులుంటాయి. మలం నీళ్లలో పడకుండా కాగితం పరుచుకుని, పైపైన రెండు మూడు చోట్ల ఆ గాడుల్లోకి గీకాలి. పుల్లని ట్యూబులో పెట్టి క్లిక్‌మనేదాకా నొక్కాలి. తేదీ రాసి కవర్లో పెట్టి పంపాలి. చాలామంది తేదీ రాయరు, ల్యాబ్ తిప్పి పంపుతుంది. పాజిటివ్ వస్తే కొలనోస్కోపీకి వెళ్లాల్సిందే. అక్కడ ఆగిపోతే కిట్ పంపించీ లాభం లేదు.

పటాల_పిచ్చి
అందరికీ థాంక్స్. చదువుతుంటే ఒక చోటు మీద కన్ను పడింది. స్లొవేనియా, హంగరీ, క్రొయేషియా పక్కపక్క దేశాలు. స్లొవేనియా 2009లోనే దేశమంతా కిట్లు పంపడం మొదలెట్టింది, పిలిచినవాళ్లలో సగానికి పైగా నమూనా తీసి కిట్ తిరిగి పంపుతున్నారు. హంగరీ దేశవ్యాప్తంగా మొదలెట్టింది దాదాపు పదేళ్లు ఆలస్యంగా. ఆ సరిహద్దుకి అటూ ఇటూ చావుల గీతలు ఏడాదివారీగా వేస్తా. ముగ్గురికీ ఒకే తూకం వాడతాను గోపి గారూ, ముందే చెప్తున్నా.

గణాంకాల_గోపి
శుభం. 2009కి కనీసం పదిహేనేళ్ల ముందునుంచీ వెయ్యండి. స్క్రీనింగ్ కంటే ముందే తగ్గడం మొదలైతే ఆ తగ్గుదల చికిత్సది, కిట్‌ది కాదు.

పేగుబంధం
పెద్దపేగు, మలాశయం విడివిడిగా వెయ్యగలరా? కుర్రవాళ్లలో పెరుగుదల మలాశయంలోనే ఎక్కువని చదువరి చెప్పారు కదా.

గణాంకాల_గోపి
కేసులకి వెయ్యొచ్చు, చావులకి నమ్మలేం. డెత్ సర్టిఫికెట్ రాసేవాళ్లు మలాశయ క్యాన్సర్‌ని కూడా చాలాసార్లు పెద్దపేగు క్యాన్సర్ అనే రాసేస్తారు. అమెరికాలో ఆసుపత్రి రికార్డుతో పోల్చి చూసినప్పుడు ఇది బయటపడింది. అందుకే అక్కడ క్యాన్సర్ సొసైటీ కేసులని విడగొట్టి ఇస్తుంది, చావులని కలిపే ఇస్తుంది. విడగొట్టి వేస్తే మీరు జబ్బు పటం కాదు, గుమాస్తాల పటం వేసినట్టవుతుంది.

పటాల_పిచ్చి
సరే, చావులు కలిపే వేస్తా. స్లొవేనియా ఫైలు దిగుతోంది, హంగరీది మాత్రం పాత ఏళ్లకి ఏదో కోడ్ మారినట్టుంది, సగం కాలమ్స్ ఖాళీ. ఐసీడీ (జబ్బులకీ చావు కారణాలకీ ఇచ్చే అంతర్జాతీయ కోడ్లు) తొమ్మిదో కూర్పుని పదికి మార్చే పట్టిక ఎవరి దగ్గరైనా ఉంటే పెట్టండి.

అంకెలమ్మ
ఉంది. సాయంత్రం పెడతా.